నాన్నతో అరకు: గొల్లకావిడి నడినెత్తికొచ్చేదాకా

ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు జోరుగా రాలతాయి. 2023లో ఆ రాత్రికి చీకటి కూడా కలిసొచ్చింది. ముందురోజు కార్తీక అమావాస్య, 13 బుధవారం పాడ్యమి. చందమామ సూర్యుడి వెంటే దిగిపోతాడు కాబట్టి రాత్రంతా ఆకాశం చుక్కలదే. ఉల్కల రాత్రీ చీకటి రాత్రీ ఇలా ఒకటి కావడం ప్రతి ఏడూ జరగదు. అందుకే హైదరాబాదులో సెలవు పెట్టి ఊరొచ్చి, నాన్నని అరకు బయల్దేరదీశాను.

ఆయన్ని కదిలించడం అంత తేలిక కాలేదు. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను మా చోడవరం వైపు కూడా వానలు కురిపించి పోయింది. కోసిన వరి పనలు మడిలోనే తడిశాయి. "పనలు తిరగెయ్యాల, నానెలా వస్తానమ్మా" అని ఒకటే పాట. చివరికి బాబాయి వచ్చి, "నేను చూసుకుంటానన్నయ్యా, నువ్వెళ్లు" అన్నాక ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం రానంది. ఆ తెల్లవారుజామున పోలి దీపాలు వదలాలి, పైగా ఘాట్ రోడ్డంటే ఆవిడకి వాంతులు. చెరువులో అరటిదొప్పల దీపాలు వదిలొచ్చి, మాకు పులిహోర కట్టిచ్చి పంపింది.

నాన్నకి ఆకాశాన్ని పరిచయం చేసింది బెల్లం. అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు చలికాలం రాత్రుళ్లు గానుగల దగ్గరే తెల్లారేవి. రసం పెనంలో పోసి, చెరకు పిప్పి మండిస్తూ, పాకం కుదిరేదాకా కాయాలి. ఒక పెనం దించితే ఇంకోటి ఎక్కించాలి. మనుషులు వంతులు మారాలి. చేతికి వాచీ ఉన్నవాడు ఊరికి ఒకడో ఇద్దరో. మిగతా అందరికీ గొల్లకావిడి, పిల్లలకోడి. ఒకే బారులో వరసగా కనిపించే మూడు చుక్కలు గొల్లకావిడి. దానికి కాస్త ముందు లేచి, గుంపుగా మిణుకుమనే కృత్తికలు పిల్లలకోడి. పైకి ఒకసారి చూసి "ఇంకో రెండు గంటలుంది, పడుకోండ్రా" అనేవాడట మా తాతయ్య.

కొన్నేళ్లుగా నాన్నకి శుక్లాలు. దీపం చూసినా చుక్క చూసినా చుట్టూ వరదగుడే. వేసవిలో రెండు కళ్లకీ ఆపరేషన్లు అయ్యాయి, చూపు బాగా వచ్చింది. తీరా చూస్తే ఈలోపు ఊరే మారిపోయింది. వీధివీధికీ తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు, అనకాపల్లి వైపు హైవే వెలుతురు. పెరట్లో మంచం వేసుకుని పడుకుంటే లెక్కపెట్టేటన్ని చుక్కలు కూడా కనపడవు. చీకటి కావాలంటే కొండెక్కాల్సిందే.

బుధవారం, ఎక్కే దారి

అరకు అనగానే అందరూ విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా వెళ్లే దారే పడతారు. చోడవరం వాళ్లకి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కడం దగ్గర. ఇలా ఎక్కి అలా దిగుదాం అనుకున్నాం. అద్దెకి తీసుకున్న కారు డ్రైవరుది మాడుగులే. ఆ ఘాట్ అతనికి కొట్టిన పిండి. నాన్నని "తాతా" అనీ నన్ను "అక్కా" అనీ పిలుస్తూ మొదటి మలుపు తిరిగేలోపే ఇంటి మనిషైపోయాడు.

మాడుగులలో ఆగకుండా పోతే పాపం. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, నేతిలో గంటల తరబడి కలియబెట్టే హల్వా అది. నాన్న అరకిలో కట్టించాడు. ఇంటికి చేరేసరికి అది మిగల్దని నాకు అప్పుడే తెలుసు.

ఘాట్ సగంలో అమ్మవారి పాదాలు. పాడేరు మోదకొండమ్మ తల్లికి ఇక్కడ మొక్కి గానీ చాలామంది డ్రైవర్లు ముందుకి పోరు. మావాడు కొబ్బరికాయ కొట్టాడు. అక్కణ్నుంచి కిందకి చూస్తే మేం వచ్చిన దారి, దాని వెనక మైదానం. తడిసిన పొలాలు ఎండకి మెరుస్తున్నాయి. నాన్న వాటినే చూస్తున్నాడు గానీ కొండల్ని చూడటం లేదు. "ఎండ బాగానే కాస్తంది" అన్నాడు. పనలు ఆరతాయన్నమాట.

పైకెక్కాక మినుములూరు దాకా రెండు పక్కలా కాఫీ తోటలే. డిసెంబరు కోతల కాలం. రోడ్డు వారన నలుగురు ఆడవాళ్లు నడుముకి బుట్టలు కట్టుకుని పళ్లు కోస్తుంటే కారు ఆపించాను. నిటారుగా ఎదిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైదాకా పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. కొమ్మని ఆనుకుని గుత్తులు గుత్తులుగా పళ్లు. ఒకే గుత్తిలో ఆకుపచ్చవి, పసుపు తిరిగినవి, ఎర్రగా పండినవి అన్నీ ఉన్నాయి. వాళ్లలో ఒకావిడ ఎర్రవి మాత్రమే చిటికెన తుంచి బుట్టలో వేస్తోంది. అదే కొమ్మ దగ్గరికి మళ్లీ వారం పది రోజులకి రావాలట.

ఒక పండు అడిగి తీసుకుని నాన్న గోటితో చీల్చాడు. తోలు మందంగా ఉంది, నాలికకి కొంచెం తియ్యగా తగిలింది. లోపల రెండు గింజలు, చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకుని, ఒళ్లంతా జిగురు. వేళ్లతో పట్టుకుంటే జారిపోతున్నాయి. వాసన చూసి నా వైపు తిరిగాడు.

"ఇందులో కాఫీ ఏదమ్మా?"

కోస్తున్నావిడ నవ్వింది. తోలు తీసి, జిగురు వదిలేలా కడిగి, ఎండబెట్టి, ఆ పైన పొట్టు తీసి వేయిస్తే గానీ ఆ వాసన రాదని చెప్పింది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థతో పాటు ఇప్పుడు బయటి కంపెనీలు కూడా గింజలు కొంటున్నాయి. ఆ కబుర్లు నేను చెబుతుంటే నాన్న బుర్ర వేరే లెక్కలో ఉంది. చెట్టు కలపకి, తీగ మిరియాలకి, కింద మొక్క కాఫీకి. ఒకే నేల, మూడు ఆదాయాలు. మా వైపు గట్టు మీద చెట్టు నీడ పడితేనే పక్క రైతుతో తగువు. "నీడ కోసం చెట్లు పెంచుతున్నారు సూడు" అని పాడేరు వచ్చేదాకా అంటూనే ఉన్నాడు.

పాడేరు 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమైంది. బోర్డులు కొత్తవి, ట్రాఫిక్ పాతది. టీ తాగి కదిలాం.

చాపరాయి

హుకుంపేట దాటి డుంబ్రిగుడ వైపు వస్తే దారి తేలికవుతుంది. రెండు పక్కలా కోసిన వరి మళ్లు, కుప్పలు. వలిసె పూల కాలం దాదాపు వెళ్లిపోయింది. నవంబరులో వచ్చుంటే ఈ లోయంతా పసుపే. ఆలస్యంగా చల్లిన చేలల్లో మాత్రం ఇంకా పూలున్నాయి. ఒక చేను గట్టున చిన్న కుర్రాడు అట్టముక్క మీద "ఫోటోకి 20" అని రాసి నిలబడ్డాడు. నాన్న ఇరవై ఇచ్చాడు గానీ ఫోటో దిగలేదు. చేలో దిగితే మొక్క పడిపోతుందని గట్టు మీదే నిలబడి చూశాడు.

చాపరాయి జలపాతం అని బోర్డులో ఉంటుంది గానీ పైనుంచి దూకే నీళ్లు కావు. వాగు వెడల్పాటి బండ మీద పరుచుకుని, ఏటవాలుగా జారుతూ పోతుంది. తుపాను వానల వల్ల డిసెంబరులో ఉండాల్సిన దానికన్నా నీరు ఎక్కువగానే ఉంది. చూడ్డానికి చీలమండ లోతు. మోసం అక్కడే ఉంది. బండ మీద నీరు నల్లగా మెరిసే చోటల్లా పాకుడు. బూట్లేసుకుని దిగిన కాలేజీ కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు కూలబడుతున్నారు. నాన్న పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, చెప్పులు నా చేతికిచ్చి, ముందు బొటనవేలు ఆనించి, గరుకు తగిలితేనే పాదం మోపుతూ నడి వాగు దాకా వెళ్లాడు. మెరవని చోటు చూసుకుని కాలేస్తున్నాడు. పొలం గట్ల మీద నడిచిన కాళ్లు. నేను ఒడ్డునే ఉన్నాను.

ఒడ్డున బొంగు చికెన్ బండ్ల దగ్గర జనం విరగబడుతున్నారు. నెల్లాళ్లు కార్తీకమాసం నియమం పట్టినవాళ్లందరికీ అదే తొలిరోజు మరి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దూర్చి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడం. నూనె చుక్క పోయరు. బొంగు పైన నల్లబడి, పగలగొడితే లోపల ముక్కలు తమ తడికే ఉడికి ఉంటాయి. నాకు బాగా నచ్చింది. నాన్న సగం తిని, "మీ అమ్మ చేత్తో అయితే కారం తగిలేది" అని పులిహోర పొట్లం విప్పాడు.

పద్మాపురం తోట

అరకు చేరేసరికి మూడు దాటింది. పద్మాపురం గార్డెన్స్ ఊళ్లోనే ఉన్నట్టు లెక్క. లోపలికి వెళ్లగానే పిల్లలు టాయ్ ట్రైన్ కోసం వరస కట్టారు. చెట్ల మధ్య ఎత్తున కట్టిన గుడిసెలు, గులాబీ మళ్లు, పెద్ద పెద్ద చెట్లు. నాకు ఇలాంటి తోటల మీద పెద్ద మోజు లేదు. సిమెంటు బొమ్మలు, సెల్ఫీ ఫ్రేములు పెట్టాక ఏ ఊరి తోటైనా ఒకలాగే ఉంటుంది.

అయితే ఈ తోట పుట్టిన కారణం వేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడం కోసం దీన్ని మొదలుపెట్టారు. ఈ సంగతి చెప్పగానే నాన్న నడక మారింది. అప్పటిదాకా గులాబీలని మర్యాద కోసం చూస్తున్న మనిషి వంగి మట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "నీరు నిలవదు. దుంపలకి బావుంటాది. క్యాబేజీ, కేరెట్టు వేసుంటారు" అని తీర్మానించాడు. ఏం వేశారో నాకు తెలియదు గానీ అరకు చలికి ఆ రెండూ బాగా వస్తాయన్న మాట నిజం. ఆ కూరలు ఈ కొండ దిగి ఎలా వెళ్లేవి అన్నది ఆయన తర్వాతి ప్రశ్న. ఈ లోయలోకి రైలు వచ్చింది 1960ల్లో. అంతకు ముందు బండి దారే. "దిగేసరికి సగం వాడిపోతాయి" అని సైనికుల మీద జాలిపడ్డాడు.

తోటలో మేం అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఉండిపోయాం. కారణం బోర్డులు. మొక్క పక్కన పేరు రాసి ఉన్న ప్రతి బోర్డు ముందూ నాన్న ఆగాడు. ఆపరేషన్ ముందు రెండేళ్లు బస్సు మీద ఊరి పేరు కూడా నన్నో అమ్మనో చదవమనేవాడు. ఇప్పుడు లాటిన్ పేర్లతో సహా అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతున్నాడు. తుప్పు పట్టి సగం పోయిన బోర్డు ఒకటుంటే దాని ముందు మరీ ఎక్కువసేపు నిలబడి, మిగిలిన అక్షరాలతో పేరేమై ఉంటుందో ఊహించాడు. గేటు మూసే వేళైందని ఈల ఊదేదాకా ఇదే పని. టాయ్ ట్రైన్ ఎక్కుదామంటే వద్దన్నాడు, అది ఆగకుండా పోతే బోర్డులు చదవలేం కదా.

రాత్రి

గది తీసుకున్న చోట చీకటి పడగానే సంగతి అర్థమైంది. పక్క క్యాంపులో చలిమంట, డీజే, చెట్లకి సీరియల్ లైట్లు, ఆకాశంలోకి గురిపెట్టిన ఫోకస్ లైటు. అరకులో చలికాలం వ్యాపారమంటే ఇదే. తప్పుపట్టడానికి లేదు గానీ మా పని జరగదు. డ్రైవరు "మాడగడ వైపు పోదామక్కా, అక్కడ పొలాలే" అన్నాడు.

లోయ దాటి, దీపాలు వెనక్కి పడ్డాక, రోడ్డు పక్క కోసేసిన చేను కనిపించింది. ఆ చేను వాళ్ల ఇల్లు కొంచెం అవతల. వెళ్లి అడిగితే సరే అన్నారు. చలికి నెగడు వేసిస్తామన్నారు కూడా. మేం వద్దనేసరికి ఆ పెద్దాయన మమ్మల్ని పైనుంచి కిందదాకా చూశాడు. మంట వద్దనే టూరిస్టులు ఆయనకి అంతకుముందు తగిలినట్టు లేరు. గడ్డి పరుచుకోమని రెండు మోపులు ఇచ్చాడు. దుప్పటి దాని మీద వేసి, మంకీ క్యాప్‌తో నాన్నని పడుకోబెట్టాను.

కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఆ లోపు ఒక్కసారి ఫోన్ వెలిగినా మళ్లీ మొదటికే. ఈ సంగతి ముగ్గురికీ చెప్పుకున్నాం. డ్రైవరు రెండుసార్లు రీల్స్ తెరిచాడు. మూడోసారి తెరవబోతే నాన్నే ఫోన్ తీసుకుని కారులో పెట్టి తాళం వేశాడు.

మొదట కనపడింది బృహస్పతి, దాదాపు నెత్తిన. "అదేటి, ఇమానమా?" అన్నాడు నాన్న. బైనాక్యులర్ని కారు టాపు మీద ఆనించి చూపించాను. గురుడి పక్కన సన్నటి చుక్కలున్నాయే, అవి దాని చందమామలు. గెలీలియో 1610లో చూసినవి అవే. నాన్న చూసి, కళ్లు తీసి మామూలుగా చూసి, మళ్లీ బైనాక్యులర్‌లో చూశాడు. ఏమీ అనలేదు. ఆయనకి కావాల్సింది వేరే ఉంది.

"పిల్లలకోడి ఎక్కడ?"

కొంచెం తూర్పుగా, పైన. చెయ్యి ఎత్తి చూపించబోయాను గానీ ఈలోపే ఆయన పట్టేశాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఇంకోసారి మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఆరే. "ముద్దలాగ ఉండేది, ఇప్పుడు ఇడివిడిగా ఉన్నాయి" అన్నాడు. ఊళ్లో మా పెరట్లో నుంచి నా కళ్లకే నాలుగు దాటవు.

గొల్లకావిడి అప్పటికి తూర్పు కొండ మీదకి వచ్చేసింది. మన వైపు అది లేచేటప్పుడు మూడు చుక్కలూ ఒకదాని మీద ఒకటి నిలువుగా లేస్తాయి. పడమటికి దిగేటప్పుడు అడ్డంగా వాలతాయి. పటాల్లో ఇది తెలీదు. నాన్న పడుకున్న చోటి నుంచే గంటల లెక్క చెప్పాడు. చుక్కలన్నీ రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా లేస్తాయి, నెలకి రెండు గంటలు. పుస్తకంలో మాట ఇది. ఆయన మాటల్లో అయితే, సంక్రాంతికి కావిడి రాత్రి పదింటికి నడినెత్తిన ఉంటుంది, శివరాత్రికి దీపాలు పెట్టేవేళకే నడినెత్తికి వచ్చేస్తుంది. అంటే గానుగ మొదలైనప్పుడు పెట్టుకున్న లెక్క గానుగ కట్టేసేనాటికి పనికిరాదు, నెలనెలా జరుపుకోవాలి. నేను ఆప్‌లో వెతికి చూసుకునేదాన్ని ఆయన వంతుల కోసం కంఠస్థం చేశాడు. మరి ఈ వేళ ఎన్నింటికొస్తుందని అడిగాను. "సంక్రాంతింకా నెలుంది కదా. పన్నెండు" అన్నాడు.

మొదటి ఉల్క తొమ్మిది కాకముందే పడింది. ఉత్తరం నుంచి పడమటికి, తీరుబడిగా, పసుపుగా. జెమినిడ్లు మిగతా ఉల్కలతో పోలిస్తే నెమ్మది. సెకనుకి 35 కిలోమీటర్ల వేగాన్ని నెమ్మది అనొచ్చంటే. చాలా ఉల్కాపాతాలు తోకచుక్కలు వదిలిన ధూళి వల్ల వస్తాయి. ఇవి 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం తాలూకు ధూళి. ఏటా ఈ రోజుల్లో భూమి ఆ ధూళి దారికి అడ్డం పడుతుంది. రవ్వలు గాల్లో మండిపోతాయి. అన్నిటినీ వెనక్కి గీసుకుంటూ పోతే మిథునరాశిలో పునర్వసు జంట చుక్కల దగ్గర కలుస్తాయి.

"పునర్వసా? మీ అమ్మ నచ్చత్రం కదా అది!"

పెళ్లిచూపుల నాటి నుంచి పంచాంగాల్లో, గోత్రనామాలు చెప్పించుకునేటప్పుడు ఆ పేరు వింటూనే ఉన్నాడట. ఎక్కడుంటుందో ఎవరూ చూపించలేదు. తూర్పున పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలూ చూపించాను. అప్పట్నుంచి ఏ ఉల్క రాలినా "అదిగో, మీ అమ్మ ఇసిరింది" అనడం మొదలుపెట్టాడు. మా నాయనమ్మ చుక్క రాలితే ఎవరో పెద్దవాళ్లు పోయారనేది. ఆ లెక్కన ఆ రాత్రి ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యుండాలి. నాన్న వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూ నలభై దాటాక వదిలేశాడు. పెద్దది ఒకటి దక్షిణానికి పోతూ ఆకుపచ్చగా మెరిసి పగిలిపోయింది. దాని వెనక గీత రెండు మూడు క్షణాలు నిలిచింది. అవతల ఇంట్లోంచి ఎవరో "ఓయ్" అని అరిచారు. వాళ్లూ బయటే కూచుని చూస్తున్నారన్నమాట.

దక్షిణాన కొండ అంచుకి కొంచెం పైన అగస్త్య నక్షత్రం వచ్చింది. ఉత్తరాన ధ్రువుణ్ని వెతికాం. అరకు దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువుడు అంతే ఎత్తున, చాచిన చేతి పిడికిళ్లతో కొలిస్తే రెండు పిడికిళ్లకి కొంచెం తక్కువగా ఉంటాడు. నాన్న పిడికిళ్లు నావాటికన్నా పెద్దవి, ఆయన లెక్కకి ఒకటిన్నరే వచ్చింది.

కావిడి నెత్తి మీదకి వచ్చాక ఫోన్ చూడమన్నాడు. పదకొండూ యాభై. "చెప్పినానా లేదా" అన్నాడు. అంతకుమించి గర్వపడే ఓపిక లేదు, చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. కాసేపటికి లోయలోంచి మంచు లేచి ముందు దూరపు చెట్లని, తర్వాత చుక్కల్ని మింగేసింది. అరకులో చుక్కలు చూడాలంటే అర్ధరాత్రి లోపే చూసుకోవాలని చేను పెద్దాయన ముందే చెప్పాడు. గడ్డి మోపులు ఆయన గుమ్మం ముందు పెట్టేసి వచ్చేశాం.

గురువారం

నాలుగున్నరకి మళ్లీ లేచి మాడగడ కొండ. పైకి జీపుల వరస, టీ బళ్లు, దుప్పట్లు కప్పుకున్న జనం. అందరూ కిందకే చూస్తున్నారు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, దాంట్లోని తేమ మంచై పేరుకుంటుంది, కొండ అంచున నిలబడితే మనం దాని పైన ఉంటాం. పై నుంచి చూస్తే లోయలో పాలు పొంగి నిలిచినట్టుంది. ఎండెక్కగానే కరిగిపోతుంది కాబట్టి అందరికీ తొందర. మా నాన్న ఒక్కడు తూర్పుకేసి వేగుచుక్కని చూస్తూ నిలబడ్డాడు. శుక్రుడు ఆ డిసెంబరులో తెల్లవారుజామున మహా దర్జాగా ఉన్నాడు. వెనక నుంచి ఎవరో "అంకుల్, కొంచెం పక్కకి" అన్నారు, వాళ్ల ఫోటోకి అడ్డం.

సుంకరిమెట్ట, గాలికొండ దాటి అనంతగిరి దిగి, బొర్రా వైపు మళ్లాం. కటికి జలపాతానికి కారు పోదు. రైలు గేటు దగ్గర జీపు మాట్లాడుకోవాలి. జీపు మొత్తానికి బేరం, ఇంకెవరైనా కలిస్తే పంచుకోవచ్చు. బెంగాలీ దంపతులు కలిశారు. రాళ్ల దారిలో ఆ జీపు మమ్మల్ని కుదిపిన కుదుపుకి ఎవరి భాష వాళ్లు మర్చిపోయి అందరం ఒకే రకంగా కేకలు పెట్టాం. జీపు దిగాక కొంత ఎక్కుడు. నాన్న మధ్యలో రెండుసార్లు కూచుని, చేతికర్ర ఒకటి సంపాదించుకుని, పైదాకా వచ్చాడు.

చాపరాయికీ దీనికీ పోలికే లేదు. ఇక్కడ గోస్తని నీళ్లు నిట్టనిలువు రాతి మీద నుంచి పడుతున్నాయి. ఎదురుగా నిలబడితే తుంపర మొహానికి కొడుతుంది, మాట వినపడదు. తుపాను పుణ్యమా అని ఆ నెలలో అంత నీరు. నాన్న ఈ నీళ్లెక్కడికి పోతాయని అడిగాడు. గోస్తని ఇలా దిగి తాటిపూడి జలాశయం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లే విశాఖకి తాగడానికి కొంత పోతాయి. "ఐతే మీ పెద్దమ్మోళ్లింటి కుళాయిలో నీళ్లివే" అని చెప్పులు విప్పి కాళ్లు కడుక్కున్నాడు. నేను ఆ సంగతి పెద్దమ్మకి చెప్పలేదు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. ఇనుప ఖనిజం మోసే గూడ్స్ బండి. బైలడిల్లా గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్నుంచి జపానుకి పంపడానికి ఈ కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. కొండలు తొలిచి సొరంగాలు, లోయల మీద వంతెనలు. మా తాతయ్య తమ్ముడు కుర్రతనంలో ఆ పనికి కూలికి పోయాడట. మందుగుండు పేల్చేటప్పుడు గంట కొట్టడం ఆయన పని. నాన్న వ్యాగన్లు లెక్కపెడుతూ ఆ కథ చెప్పాడు, బండి అయిపోయింది గానీ కథ అవలేదు. గేటు ఎత్తాక వెనక హారన్లు.

బొర్రా గుహలు పక్కనే. చూద్దామా అంటే, "రాత్రంతా చుక్కలు చూసొచ్చి పొద్దున్నే గుహలో దూరడమేటమ్మా" అన్నాడు. నాకూ మోకాళ్లు వదిలేశాయి. మరోసారికి పెట్టుకున్నాం.

దిగే దారిలో డముకు దగ్గర ఆగితే సిగ్నల్ వచ్చింది. నాన్న వెంటనే సీతయ్యపేటలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాడు. "యాభై చుక్కలు రాలాయిరా, నా కళ్లతో చూశాను." కింద చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించి చూశారు. మిరియాలు, పసుపు, దుప్పట్లు, ఖాళీ హల్వా డబ్బా. శృంగవరపుకోటలో భోజనం చేస్తుండగా మా మేనమామ ఫోన్ చేస్తే, "వందకి తక్కువుండవు బావా." దేవరాపల్లి దాటేసరికి లెక్క రెండొందల దగ్గర ఉంది. నేను కిటికీలోంచి బయటకి చూస్తూ కూచున్నాను.

ఇంటికి చేరేసరికి బాబాయి అరుగు మీదే ఉన్నాడు. ఉల్కల సంగతి మొత్తం ఓపిగ్గా విన్నాడు. పనలు రెండుసార్లు తిరగేశానన్నాడు, కింద వరస కొంచెం రంగు మారింది, మిగతావి బావున్నాయి.

"అంతా బాగానే ఉంది గానీ అన్నయ్యా, నూర్పు మిషనువాడు రేపు రానంటున్నాడు. నువ్వొకసారి మాట్లాడు."

నాన్న ఫోన్ తీశాడు.